ముప్పై ఆరు రసాలు, ఒక ఆఖరి వాయిదా

ఏటా మే నెల రాగానే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు మామిడిపళ్ళ బుట్ట ఫోటో పెడతారు. ఇక చూడండి. రెండు నిమిషాల్లో నవ్వే బొమ్మలు వరస కడతాయి. ఇంకో రెండు నిమిషాలకి ఎవడో ఒక కుర్రకుంక, నేను ఎత్తుకుని తిప్పినవాడే, కొత్తగా వచ్చిన కోడళ్ళకీ అల్లుళ్ళకీ కథ మొదలుపెడతాడు. "మన పద్మజ పిన్ని బ్యాంకు మేనేజరుకి దొంగ మామిడిపళ్ళు లంచం ఇవ్వబోయి పట్టుబడి, గోడ దూకి పారిపోయింది తెలుసా?"

తెలియదు నాయనా. నాకే తెలియదు. ఆ ఒక్క వాక్యంలో ఎన్ని అబద్ధాలున్నాయో చూడండి. అది లంచం కాదు. ఒక ఆఫీసుకి గడువు అడగడానికి వెళ్తూ, అందులోనూ మే నెలలో వెళ్తూ, ఉత్త చేతులు ఊపుకుంటూ వెళ్ళడం మా నూజివీడు వైపు మర్యాద కాదు. అవి దొంగ పళ్ళూ కావు, మా తాత నాటిన చెట్టు పళ్ళు. (దీని మీద వాదన ఉంది, వస్తాను.) ఇక గోడంటారా, ఆ బ్యాంకుకి గోడే లేదు. మెట్లున్నాయి. మెట్లు దిగే వచ్చాను, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని, నింపాదిగా.

అసలు జరిగింది వీళ్ళు చెప్పేదానికన్నా ఘోరం. దొంగతనం చేసి దొరికిపోతే పోయేది పరువు ఒక్కటే. నేను నాలుగు పేజీల కాగితం నా చేత్తో నేనే రాసి, కింద సంతకం పెట్టి, ఆ కాగితంతో నన్నూ, నాన్ననీ, పాపం ఏ సంబంధమూ లేని మా మేనత్తనీ కలిపి కట్టేశాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. కొత్తగా ఎమ్‌సీఏ. ఎమ్‌సీఏ చేస్తే మనిషి కన్నా ముందు కారు ఇంటికి వస్తుందని జనం నమ్మిన రోజులవి. నేను మరీ నమ్మాను. రెడ్డిగూడెం దగ్గర నాలుగెకరాల మామిడితోట, ఎకరం మాగాణి ఉన్న మా నాన్న రాఘవయ్య, "బీఎస్సీ చాలదూ?" అన్నాడు. చాలదని మూడు రోజులు వాదించి, నూజివీడులో ఒక బ్యాంకులో చదువు అప్పుకి దరఖాస్తు పెట్టాను. పూచీకత్తు సంతకానికి జీతం చీటీ ఉన్న మనిషి కావాలన్నారు. మా వంశం మొత్తం వెతికితే జీతం చీటీ ఉన్న మనిషి ఒక్కతే తేలింది. మా మేనత్త రుక్మిణి, బాపులపాడులో ప్రభుత్వ బడి టీచరు.

"ఎక్కడే సంతకం?" అంది అత్తయ్య, కళ్ళజోడు వెతుక్కుంటూ.

"ఇక్కడత్తయ్యా. ఊరికే లాంఛనం."

"లాంఛనానికి ఇన్ని పేజీలెందుకే?"

"నువ్వు చదవక్కర్లేదు. నేను చదివాను."

నేనూ చదవలేదు. బ్యాంకు కాగితం మొత్తం చదివి సంతకం పెట్టిన మనిషి మీకెవరైనా తెలిస్తే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను.

చదువైపోయాక బ్యాంకు ఏడాది ఊరుకుంటుంది, ఈలోగా ఉద్యోగం వస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ ఏడాదీ హైదరాబాదులో, ఆరుగురికి ఒక ఫ్యానున్న హాస్టల్ గదిలో ఉండి పదకొండు ఇంటర్వ్యూలకి వెళ్ళాను. పదకొండో చోట ఒకాయన బోర్డు మీద ప్రోగ్రాం రాసి, "ఇందులో తప్పెక్కడుందో చెప్పు" అన్నాడు. చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. "ఇంకో రెండున్నాయండి" అన్నాను. ఆయన పెట్టింది ఒక్కటేనట. మిగతా రెండూ ఆయనకీ తెలియకుండా పడ్డవట. "మీకు తర్వాత కబురు చేస్తాం" అన్నారు. ఇంకా చెయ్యలేదు. చూస్తున్నాను.

ఏడాది అయిపోయింది. నేను పెట్టె సర్దుకుని ఇంటికొచ్చిన వారానికి బ్యాంకువాళ్ళ మొదటి కవరు వచ్చింది. ఆ తర్వాత నెలకొకటి. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినపడితే నేను దొడ్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఎవరైనా, "ఏమ్మా, ఇప్పుడేం చేస్తున్నావు?" అంటే "బాకీ ఉన్నానండీ" అనబుద్ధేసేది. అదొక్కటే నేను రోజంతా సెలవు లేకుండా చేస్తున్న పని. అన్నం తింటుంటే అప్పు తింటున్నట్టుండేది. పడుకుంటే వడ్డీ మాత్రం పడుకోదు కదా అనిపించేది. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. నేను మాత్రం ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా నవ్వినట్టు గుర్తులేదు.

వాయిదాలు ఆగిపోతే బ్యాంకు నన్నేం చేస్తుంది? నా దగ్గర తీసుకోవడానికేముంది, సర్టిఫికెట్లు తప్ప. వాళ్ళు ఉత్తరం రాసేది అత్తయ్య ఆఫీసుకి. అత్తయ్యది పెంకుటిల్లు. మావయ్య పోయాక మరమ్మతు లేదు. వానొస్తే ఏ చుక్క ఏ గిన్నెలో పడాలో ముందే నిర్ణయమై ఉంటుంది ఆ ఇంట్లో. స్లాబు వేయించడానికి ఆవిడ ఆరేళ్ళుగా ఇంటి లోను కోసం తిరుగుతోంది. ఆవిడ పూచీ పడ్డ అప్పు మొండిబాకీ అయిందని ఆఫీసులో తెలిస్తే ఆ లోను అక్కడే ఆగిపోతుంది.

జనవరిలో ఫోను చేసింది. "అమ్మడూ, నా లోను కాగితాలు కదిలాయే! జూన్‌కల్లా పెంకులు దింపించేస్తా. నీ బ్యాంకు సంగతి సవ్యంగానే ఉందిగా?"

"బ్రహ్మాండంగా ఉందత్తయ్యా" అన్నాను. అప్పటికి నాలుగు కవర్లు బియ్యం డబ్బా కిందున్నాయి.

ఆ వారంలోనే విస్సన్నపేట నుంచి కోటేశ్వరరావు గారు మా తోట చూడడానికొచ్చారు. మా వైపు మామిడి వ్యాపారులు తోటలు పూత మీదే కొంటారు. చెట్టు మీద పూత చూసి, గాలిని చూసి, దేవుడి మీద భారం వేసి ఒక అంకె చెబుతారు. ఆ రోజు నుంచి కాపు అయ్యేదాకా చెట్లు మనవి, కాయలు వాళ్ళవి. కాపలా వాళ్ళది, మందు పిచికారీ వాళ్ళది, గాలివానకి ఏడుపూ వాళ్ళదే. డబ్బు మూడు వాయిదాల్లో ఇస్తారు.

బేరం నాన్నకీ ఆయనకీ అరగంటలో కుదిరిపోయింది. ఆఖరి వాయిదా నలభై వేలు, మే ఇరవై ఐదున. మొదటి రెండు వాయిదాలూ ఎరువుల కొట్టుకీ ఇంటికీ పోతాయి. ఆ నలభై వేలు మాత్రం అలా తీసుకెళ్ళి నా బ్యాంకులో కట్టెయ్యాలని నాన్న అన్నాడు. నేను అడగకుండానే అన్నాడు. అలాంటి మాట విన్నాక మామూలు మనుషులు ఊరుకుంటారు. నేను బేరంలో దూరాను.

"ఇంటికి ఏ చెట్లు వదలమంటారండీ రాఘవయ్యగారూ?" అని అడిగారు కోటేశ్వరరావు గారు.

ఇది మా దగ్గర రివాజు. తోటంతా అమ్మేసినా ఒకటో రెండో చెట్లు ఇంటివాళ్ళకి వదిలేస్తారు. అవి బేరంలోకి రావు. వాటి కాయలు పచ్చడికి, తినడానికి, బంధువులకి పంపడానికి.

"ఎప్పటివే. మూలనున్న పచ్చడి చెట్టూ, బావి దగ్గర సొట్ట రసమూ" అన్నాడు నాన్న.

సొట్ట రసం మా తాత టెంక పాతి పెంచిన చెట్టు. ప్రతి కాయకీ ఒక పక్కన బొటనవేలితో నొక్కినట్టు సొట్ట ఉంటుంది. అలాంటి కాయ చుట్టుపక్కల ఇంకే తోటలోనూ లేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

"ఏ చెట్టూ వదలక్కర్లేదండీ" అన్నాను నేను. "ఆ రెండిటికీ కూడా ధర కట్టండి."

"అమ్మాయ్!" అన్నాడు నాన్న.

"మనం ఊరికే తినేసే కాయల విలువెంతో ఎప్పుడైనా చూశావా నాన్నా?"

"తినే కాయకి విలువ చూడ్డమేంటే?"

"అది కాదమ్మాయిగారూ, ఇంట్లో పిల్లలూ అదీ..." అని ఆయన నసిగారు.

"తినాలనిపిస్తే కొనుక్కుంటామండీ."

కోటేశ్వరరావు గారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. మా నాయనమ్మని కూడా కలిపి ఎంతిస్తారని నేను అడిగినట్టు చూశారు. మొదటి వాయిదాలో ఐదు వేలు పెంచారు. నాన్న లేచి వెళ్ళి బావిలో నీళ్ళు తోడి మొహం కడుక్కున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

తర్వాత కాగితం. ఆయన జేబులోంచి నోటుపుస్తకం చించిన అరఠావు తీశారు. అందులో నాలుగు ముక్కలు రాసుకోవడం వాళ్ళ అలవాటు. నేను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పెట్టాను. నేను ఎమ్‌సీఏ! గదిలోకి వెళ్ళి, కార్బన్ పెట్టి, "మొదటి పక్షము", "రెండవ పక్షము" అంటూ నాలుగు పేజీలు రాసి తెచ్చాను. పిడుగు పడితే ఏం చెయ్యాలి, కోతుల గుంపు వస్తే ఎవరు తరమాలి, అన్నీ ఉన్నాయందులో. తొమ్మిదో షరతు నాకు భలే ముద్దొచ్చింది. రెండవ పక్షపు మనుషులు మా గట్టు మీది కొబ్బరికాయ గానీ మునక్కాయ గానీ కోస్తే, నలభై వేలు జరిమానా.

"అబ్బో, మునక్కాయకి నలభై వేలా!" అన్నారాయన. "మరి మీ పక్షంవాళ్ళు మా మామిడికాయ కోస్తే?"

"మేమెందుకు కోస్తామండీ?"

"ఊరికే, మాటవరసకి."

"కోస్తే మీ ఆఖరి వాయిదా మీరు ఇవ్వకండి" అన్నాను, గడ్డం పైకెత్తి.

"పోన్లెండమ్మా, నోటిమాట చాలదూ? ఇవన్నీ ఎందుకు?"

"నోటిమాట కోర్టులో నిలబడదండీ" అని, ఆయన వద్దంటున్నా ఆ ముక్క కూడా తొమ్మిదో షరతు కిందే నేనే రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఆ రోజెందుకో చెయ్యి బాగా తిరిగింది.

ఏప్రిల్ ఆఖరున బ్యాంకు నుంచి వచ్చిన కవరు మిగతావాటిలా లేదు. మే పదో తారీఖు లోపు పాత వాయిదాలు కట్టకపోతే పూచీదారు ఆఫీసుకి రాస్తాం అని ఉంది. మా డబ్బు వచ్చేది ఇరవై ఐదున. మధ్యలో పదిహేను రోజులు. బియ్యం డబ్బా ఎత్తి కవర్లన్నీ తీసి నాన్న ముందు పెట్టాను.

నాన్న వాటిని పేకముక్కల్లా సర్ది, "పదిహేను రోజులేగా! వెళ్ళి మేనేజరుగారిని గడువడుగు. మనిషే కదా ఆయనా" అన్నాడు.

"వట్టి చేతులతో ఎలా వెళ్తుందండీ?" అంది అమ్మ.

"బజార్లో ఓ బుట్ట కొనుక్కెళ్తుంది."

చూడండి, దారి ఎంత తిన్నగా ఉందో! బజారుకెళ్ళాలి, బుట్ట కొనాలి, బ్యాంకుకెళ్ళాలి. కానీ నలభై వేలకి ముఖం వాచి ఉన్నదాన్ని, బుట్టకి డబ్బు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. పైగా పుట్టినప్పటి నుంచీ మేము తింటున్న చెట్టు బావి దగ్గర నిలబడి, కొమ్మలు నేలకి ఆనించి నన్నే చూస్తోంది. తొమ్మిదో షరతు గుర్తులేదా అంటారా? ఉంది. ఆ షరతు మనుషుల కోసం రాసింది. సొట్ట రసం మా ఇంట్లో మనిషి లాంటిది. ఇంట్లో మనిషి దగ్గర ఓ నాలుగు కాయలు తీసుకుంటే షరతేంటి? ఇలా ఎండలో నిలబడి నాకు నేనే వాదించుకుని, నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎదుటి పక్షం లేని వాదనలో నేనెప్పుడూ ఓడిపోలేదు.

మిట్టమధ్యాహ్నం, కాపలా పోలయ్య అన్నానికి గుడిసెలోకి వెళ్ళగానే, అతని చిక్కమే తీసుకుని, అంటే కర్ర చివర వల కట్టిన సాధనం, కాయలు దింపాను. నలిగిపోకుండా ఒక్కొక్కటే. జీడి కారి తొక్క మాడిపోకుండా బెత్తెడు తొడిమ ఉంచి మరీ కోశాను. రైతుబిడ్డని కదా, దొంగతనమైనా పద్ధతిగా చేస్తాను. (దొంగతనం కాదు. మాటవరసకి అన్నాను.) ముప్పై ఆరు కాయలు. వరిగడ్డిలో పెట్టి నా సర్టిఫికెట్లున్న గదిలో మాగేశాను.

నాలుగో రోజుకి వాసన ఆగలేదు.

"ఇంట్లో సొట్ట రసం వాసన వస్తోందేంటే?" అన్నాడు నాన్న.

"సీజను కదా నాన్నా. ఊరంతా వాసనే."

నాన్న నావైపు చూసి, తోటలోకి వెళ్ళిపోయాడు. ఆ మనిషి ఆ రోజు నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. మా నాన్నలో ఉన్న పెద్ద లోపం అదే, అవసరమైనప్పుడు తిట్టడు.

ఐదో రోజు పసుపు తిరిగిన పళ్ళని గడ్డితో సహా బుట్టలో పేర్చుకుని నూజివీడు బస్సెక్కాను. బస్సంతా నావైపే చూసింది. కండక్టరు, "ఏ తోటవమ్మా? ప్రాణం లాగేస్తున్నాయి" అన్నాడు.

"మా తోటవేనండీ!" అన్నాను అందరికీ వినపడేలా. సాక్షులు చాలరేమోనని.

బ్యాంకులో మేనేజరు గది తలుపు తోసుకుని, ఆయన బల్ల మీద బుట్ట పెట్టి, "నమస్కారమండీ" అన్నాక అప్పుడు చూశాను. ఎదురు కుర్చీలో, కాలు మీద కాలేసుకుని, కోటేశ్వరరావు గారు టీ తాగుతున్నారు.

ఆ నిమిషంలో బుట్ట తీసుకుని వెనక్కి నడిచి ఉండొచ్చు. కాళ్ళు రాలేదు. నోరు మాత్రం, ఎప్పటిలాగే, వచ్చింది.

"మీరేంటండీ ఇక్కడ?"

"నా ఖాతా ఇక్కడేనమ్మా. రండి, కూర్చోండి" అంటూ ఆయన కప్పు కింద పెట్టి, గడ్డి పక్కకి తీసి ఒక పండు చేతిలోకి తీసుకున్నారు. తిప్పారు. సొట్టలో బొటనవేలు పెట్టారు. అచ్చు సరిపోయింది. "పోలయ్య నాలుగు రోజుల నుంచి మొత్తుకుంటున్నాడు, బావి దగ్గర చెట్టు ఎవరో దూశారని. నేనే నమ్మలా."

"రాలిన కాయలండీ" అన్నాను.

"రాలినవా?"

"మొన్న గాలికి. కింద పడి ఉంటే ఏరాను. షరతులో కోసిన కాయ అని ఉంది. ఏరిన కాయ అని లేదు. కావాలంటే చూసుకోండి."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పండు తిరగేసి నా ముందు పెట్టారు. "రాలిన కాయకి తొడిమ ఉండదు కదమ్మాయిగారూ. ఇవన్నీ బెత్తెడు తొడిమలతో ఉన్నాయి. ఎంత పొందిగ్గా కోశారంటే, మా పోలయ్య కూడా ఇలా కొయ్యలేడు."

మొత్తం నా జీవితంలో నా పనితనాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి.

మేనేజరు గారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏ షరతు? ఏ కాయలు?" అన్నారు. కోటేశ్వరరావు గారు లోపలి జేబులోంచి మడతలు నలిగిపోయిన నా నాలుగు పేజీలు తీశారు. "చదువుకున్న అమ్మాయి రాసిందని ఎప్పుడూ దగ్గరే పెట్టుకుంటానండీ. కోతుల సంగతి మావాళ్ళకి చదివి వినిపిస్తుంటాను."

మేనేజరు గారు తొమ్మిదో షరతు పైకి చదివారు. ఒకసారి కాదు, రెండుసార్లు. చదివి, కళ్ళజోడు తీసి, "చాలా పకడ్బందీగా ఉందే! ఎవరు రాశారండీ? లాయరా?" అన్నారు.

"ఈ అమ్మాయిగారే" అన్నారు కోటేశ్వరరావు గారు.

నేను వాదించాను. వాదించకుండా ఉంటానా? మా తాత నాటిన చెట్టన్నాను. చిన్నప్పుడు బావి నీళ్ళు తోడి పోశానన్నాను. ముప్పై ఆరు కాయలకి నలభై వేలు ఏ దేశంలో న్యాయమని అడిగాను. చివరికి, వాదన అయిపోయాక, నాకు అలవాటు లేని పని కూడా చేశాను. బతిమాలాను. "కాయకి వంద తీసుకోండి. రెండొందలు తీసుకోండి. ఆ డబ్బు రాకపోతే మా అత్తయ్య ఇల్లు ఆగిపోతుందండీ."

ఆయన టీ కప్పు పక్కకి జరిపారు. "నోటిమాట మీది బేరమైతే ఇక్కడే నవ్వేసి ఊరుకునేవాణ్ణమ్మా. నాకు ఇద్దరు వాటాదారులున్నారు. కాగితం వాళ్ళూ చదివారు. ఈ ఏడు గాలికి సగం కాయ పోయింది. వాళ్ళు ఒప్పుకుంటారా?" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అదే నాకు ఇప్పటికీ కోపం. బాధపడని మనిషైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

"సరేనమ్మా, ఇంతకీ మీరొచ్చిన పనేంటి?" అన్నారు మేనేజరు గారు.

"పదిహేను రోజులు గడువు అడగడానికండీ."

"దానికి ఈ బుట్టెందుకు? ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే ఇచ్చేస్తాం కదా. ఎవరడిగినా ఇస్తాం." అంటూ సొరుగు లాగి కాగితం ఇచ్చారు. "పెన్నుందా?"

ఉంది. రాశాను. ఈసారి నాలుగే వాక్యాలు. ఆయన చదివి, సంతకం పెట్టి, పదిహేను రోజులు గడువిచ్చారు. దేనికోసం గడువో ఇక నాకే తెలియదు.

లేచాను. "బుట్ట తీసుకెళ్ళమ్మా. నాకు షుగరు, పైగా మేం ఇలాంటివి తీసుకోకూడదు" అన్నారాయన. నేను ముట్టుకుంటే మళ్ళీ తొమ్మిదో షరతు. కోటేశ్వరరావు గారేమో, "కాయలు నావే గానీ, ఒకరి బల్ల మీద పెట్టాక ఎత్తుకుపోతే బాగుండదు" అన్నారు. అలా ఆ ముప్పై ఆరు పళ్ళనీ ఆ బల్ల మీదే వదిలేసి ముగ్గురమూ మర్యాదగా బయటికొచ్చాం. మెట్ల మీద చెప్పు తెగింది. అదే మావాళ్ళ గోడ.

నాన్నకి చెప్పాను. అంతా విని, "మాగాయా బాగా?" అని మాత్రం అడిగాడు. నేను దొడ్లోకి వెళ్ళిపోయాను.

అత్తయ్యకి చెప్పడానికి బాపులపాడు వెళ్ళాను. కొత్త స్లాబుకని ఇసుక అప్పుడే తోలించుకుంది. వాకిట్లో ఆ గుట్ట పక్కనే నిలబడి చెప్పాను. ఆవిడ ఆ ఇసుక మీదే కూర్చుని అంతా వింది. చివరికి, "నీ మార్కులు చూసి సంతకం పెట్టాననుకున్నావా? నీ నోరు చూసి పెట్టానే. ఈ నోరు పెట్టుకుని ఎక్కడో ఒకచోట బతక్కపోతుందా అనుకున్నా. ఆ నోరే ఇలా చేసిందా?" అంది. అని లోపలికెళ్ళి నాకు అన్నం పెట్టింది. నా జన్మలో అంత కష్టంగా మింగిన అన్నం లేదు.

గడువు అయిపోయింది. ఉత్తరం వెళ్ళింది. ఆవిడ లోను ఆగింది. ఆ ఇసుక రెండు వానాకాలాలు వాకిట్లోనే తడిసింది. గిన్నెలు ఎక్కడివక్కడే. వాన పడ్డ ప్రతిసారీ నేను ఇక్కడ మా ఇంట్లో పొడి మంచం మీద కూర్చుని అక్కడ ఏ గిన్నె నిండి ఉంటుందో ఊహించుకునేదాన్ని.

మరుసటి జనవరిలో కోటేశ్వరరావు గారు మళ్ళీ వచ్చారు. ముఖం చాటేద్దామనుకున్నాను. "అమ్మాయిగారూ, నేనీ ఏడాది ముప్పై తోటలు కొంటున్నాను. కాగితాలు మీరు రాసిపెడతారా? జీతమిస్తాను" అన్నారు. పదకొండు ఇంటర్వ్యూల్లో రాని ఉద్యోగం మా అరుగు మీద కూర్చున్నాయన ఇచ్చారు, నన్ను ముంచిన కాగితాన్నే అర్హతగా చూసి. ఇప్పుడు ఎనిమిదిమంది వ్యాపారులకి కాగితాలు రాస్తాను, లెక్కలు చూస్తాను. మొదటి రెండేళ్ళ జీతం పాత వాయిదాలకీ, అత్తయ్య స్లాబుకీ పోయింది. మిగిలిన అప్పు తీరడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. బ్యాంకువాళ్ళు బాకీ లేదని కాగితం ఇచ్చిన రోజు ఇంటికొచ్చి పడుకున్నాను. ఆనందంతో కాదు. ఇక రేపటి నుంచి దేనికి భయపడాలో తోచక.

నేను రాసే ప్రతి ఒప్పందంలోనూ మొదటి షరతు మాత్రం ఎప్పుడూ ఒకటే. ఇంటి చెట్లు రెండు, రైతు చూపించినవి, బేరంలో చేరవు. వ్యాపారి వద్దన్నా రాస్తాను. రైతు వద్దన్నా రాస్తాను. ఎమ్‌సీఏ చదివిన రైతు కూతురు పక్కన నిలబడి వద్దంటే, అప్పుడు ఇంకా లావుగా రాస్తాను.

ఇక నా ప్రమాణం. మొదటి పక్షమైన నేను, స్థిరమైన మనస్సుతో, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నదేమనగా: ఇకమీదట ఏ ఆఫీసుకైనా ముందు తెల్లకాగితంతో వెళ్తాను, పళ్ళ సంగతి తర్వాత చూస్తాను. నాకు అనుకూలంగా నేనే తీర్పు చెప్పుకోను. ఒకవేళ చెప్పుకోక తప్పకపోతే, తొడిమలు తుంచేస్తాను.

అంతా అయిపోయింది గానీ ఒక్కటి మాత్రం తేలలేదు. ఆ మరుసటేడు పూత మీదుండగా పెద్దగాలికి సొట్ట రసం వేళ్ళతో సహా పడిపోయింది. అంటే ఆ బుట్టలోవే ఆ చెట్టు నుంచి మా చేతికొచ్చిన ఆఖరి పళ్ళు. మా ఇంట్లో ఎవరి నోటికీ అందలేదు. ఆ పళ్ళు వదిలేసొచ్చిన నెలకి నేను బ్యాంకుకి వెళ్తే, బుట్ట మాత్రం వాకిట్లో చిత్తుకాగితాలతో నిండి ఉంది. అటెండరు తాను ముట్టలేదన్నాడు. క్యాషియరు ఆ రోజు సెలవన్నాడు. కోటేశ్వరరావు గారు వాళ్ళావిడ మీద ఒట్టేశారు. మేనేజరు గారు ఎప్పుడో బదిలీ అయిపోయారు. నాన్న ఇప్పటికీ మే నెలలో ఒక్కసారైనా, "మాగాయా అవి?" అని అడుగుతాడు, నేను ఇప్పటికీ దొడ్లోకి వెళ్ళిపోతాను.

ఆ రోజు ఆ బ్యాంకులో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నేనేం అనను, జరిమానా కూడా వెయ్యను. ఒక్కోటి వెయ్యి రూపాయల పైన పలికిన ఆ సొట్ట రసాలు తిన్నదెవరు? పోనీ, పేరు చెప్పకండి. తియ్యగా ఉన్నాయా?